నాలుగింటావిడ

ఎడమ చెంప గీయడం అయింది. ఆమె కుడి చెంపకు నురగ పట్టిస్తుంటే ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"కదలకండి, తెగుతుంది."

"కాస్త నున్నగా గీయండి. నాలుగింటికి మా ఆవిడ ఫోన్ చేస్తుంది."

"ఫోన్లో గడ్డం కనిపిస్తుందా?"

"మా ఆవిడకి గొంతు వింటే చాలు, గీశానో లేదో తెలిసిపోతుంది." ఆయన కళ్ళు ఆమె భుజం మీద ఆగాయి. "ఆ శాలువా మా ఆవిడది. అడక్కుండా కప్పుకున్నారు. ఉతికి పెట్టండి. ఆదివారానికల్లా రమ్మన్నాను. తనొస్తే మీరింక వెళ్ళొచ్చు."

ఆమె పళ్ళు బిగబట్టి బ్లేడు కడిగింది. పొద్దున్నే లేపడం, ఒళ్ళు తుడవడం, అన్నం చల్లార్చి పెట్టడం, మాత్రలు లెక్కపెట్టడం, అన్నీ ఈ చేతులే చేస్తాయి. పేరు మాత్రం రోజూ వచ్చే పది నిమిషాల ఫోన్‌కి.

ఏడు నెలల కిందట ఆయనకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. నాలుగో రోజుకి ఫిట్స్ వచ్చాయి. మెదడుకి వాపు అన్నారు. ఇరవై రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాక వాపు తగ్గింది గాని, పోతూ పోతూ లోపల కొన్ని దారులు తెంపేసి పోయిందన్నాడు డాక్టరు. ఏవి తెగాయో ఇంటికొచ్చాక ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎడమ చెయ్యి వణుకుతుంది. ఎవరైనా పెద్దగా మాట్లాడితే తల పట్టుకుంటాడు. అందుకే ఆమె ఆయన దగ్గర మాటల్ని పొదుపుగా వాడుతుంది, అవీ గుసగుసగా.

పక్కింటి టైలరమ్మ తలుపు తోసుకుని వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా ఆవిడ కుట్టుమిషన్లు బాగుచేసింది ఆయనే. చేతికి పని మరుపు రాకూడదని అప్పుడప్పుడూ ఏదో ఒక చిన్న రిపేరు పట్టుకొస్తుంటుంది.

"ఏం బాబూ, ఈ బాబిన్ కేసు కాస్త చూసిపెడతావా? ఇదిగో నీ పనిముట్ల పెట్టె."

"ఇది నా పెట్టె కాదు. అచ్చం అలాంటిదే ఎవరో చేసి పెట్టారు."

"నీ స్క్రూడ్రైవర్ పిడి విరిగి ఉంటుందిగా. ఇదీ విరిగే ఉంది, చూడు."

"దీన్నీ విరగ్గొట్టారు. తెలివైన దొంగలు."

టైలరమ్మ కిసుక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. కళ్ళు మూసుకుని పెట్టెలో చెయ్యి పెట్టాడు. వేళ్ళు తడుముకుంటూ వెళ్ళి ఆ విరిగిన పిడి దగ్గర ఆగాయి. "ఇది నాదే" అన్నాడు. కళ్ళు తెరిచాడు. పెట్టెను దూరంగా తోసేశాడు.

వంటింట్లోకి రాగానే టైలరమ్మ గొంతు తగ్గించింది. "ఏంటే, మొహం అలా మాడ్చుకున్నావు?"

"ఆదివారానికల్లా నన్ను పొమ్మంటున్నారు పిన్నీ. ఆవిడొస్తుందట."

"ఎవరూ, మన నాలుగింటావిడా?" ఆ పేరు టైలరమ్మ పెట్టిందే.

"నిన్న ఫోన్లో ఏమన్నారో తెలుసా? 'ఇంట్లో ఒకామె ఉంది, మంచిదే, కాని నువ్వు రా' అన్నారు. ఎంత ముద్దుగా అన్నారో! నవ్వారు కూడా. ఏడు నెలలుగా ఆ నవ్వు వినడమే గాని నా కళ్ళతో చూసింది లేదు."

"ఆవిడ మీద కూడా కుళ్ళేనా, పిచ్చిమొహమా!"

"కుళ్ళే. చాకిరీ నాది, చనువు ఆవిడది. ఒళ్ళు మండదా?"

"అంత మంటగా ఉంటే ఆ ఫోన్ కట్టిపెట్టు."

"కట్టిపెట్టేస్తాను. ఇవాళే."

"మొన్నటి సంగతి మరిచిపోకు మరి" అనేసి టైలరమ్మ వెళ్ళిపోయింది.

ఎలా మరుస్తుంది? ఆ ఒక్కరోజు ఫోన్ రాలేదు. ఆవిడ చెబితేనే మింగుతానని ఆయన మాత్ర ఉమ్మేశాడు. తెల్లారేసరికి మళ్ళీ ఫిట్స్. అయినా సరే, ఇవాళ తన చేత్తోనే మింగించాలి. ఆవిడ ఊసు లేకుండా ఒక్కసారి.

మాత్ర, మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళింది. "ఇవాళ ఫోన్ రాదు" అంది మెల్లగా.

"ఎందుకు రాదు?"

"రాదంతే. మాత్ర నేనిస్తే చేదా?"

"మీరు మంచివారే" అన్నాడు ఆయన, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు. "కాని మీరు ఆవిడ కాదుగా."

ఆయన లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. వణికే చేత్తో ఒక్కో గుండీ పెట్టుకున్నాడు. అన్నీ ఒక కాజా పక్కకు పోయాయి. ఆమె సర్దబోతే చప్పున వెనక్కి జరిగాడు. కుర్చీలో కూర్చుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, అది జారిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నిజంగానే రాదంటారా?" కింది పెదవి అదిరింది.

ఆమె ఆ మొహంలోకి చూస్తూ నిలబడింది. అంత బెంగా ఆవిడ కోసమే. ఇందులో తన వాటా చిటికెడైనా లేదు. ఒక్క క్షణం ఆ ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది.

గడియారంలో నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ.

మాత్ర ఆయన పక్కన స్టూలు మీద పెట్టింది. చెప్పులేసుకుని గడప దాటింది.

వీధి మలుపు తిరిగి, తన భర్తకు నాలుగింటి ఫోన్ చేసింది.