టేపు చుట్టిన మెట్టు

"రేపట్నుంచి టేపు మీరే చుట్టుకోండి మామయ్యా. నాకు వేరేచోట ఉద్యోగం వచ్చింది," అంది కోడలు.

ఆరేళ్లుగా మామగారి వర్క్‌షాపులో ఆమె పని అదొక్కటే. మెట్లుమెట్లుగా లావవుతూ, ప్రతి మెట్టుమీదా కొలత అంకె ఉండే డ్రిల్‌బిట్‌ మీద, ఆగాల్సిన కొలత దగ్గర టేపు చుట్టివ్వాలి. దాటితే కన్నం పెద్దదైపోతుంది. డ్రిల్లు మాత్రం ఆయనే పట్టేవారు.

"అదేమన్నా బ్రహ్మవిద్యా?" అంటూ మామగారు టేపు చుట్టి, ఇనప కరెంటు ప్యానెల్ పెట్టెకి కన్నం పెట్టారు. కన్నంలో బిగుసుకుని వైరును పట్టి ఉంచాల్సిన ఇరవై మిల్లీమీటర్ల కేబుల్ గ్లాండు అందులోంచి జారి లోపల పడింది.

"ఇరవై ఆరు దగ్గర చుట్టారు మామయ్యా."

ఆయన బిట్‌ని బొటనవేలితో తడిమారు. "అంకెలు కనపడక మూడేళ్లయిందమ్మా. డ్రిల్లు కూడా నీకిచ్చేస్తే ఇక్కడ నాకేం పని?"

పాడైన పెట్టెను పక్కకు జరిపారు. "రేపు ఎన్నింటికెళ్లాలి?"

కోడలు టేపు అందుకుంది.

"తర్వాతదీ ఇరవయ్యేనా మామయ్యా?"