మునీశ్వరి పథ్యం

"రసంలో టమోటా వేసినావా?" అంటూ చెంగల్రాయుడు గిన్నె మీద మూత మళ్ళీ పెట్టేశాడు.

మొగుడంటే ఇలాంటివాడే దొరకాలి. తెల్లారేసరికి మదనపల్లె మార్కెట్లో చేరి టమోటాలు వేలం వేయిస్తాడు, కమీషన్ తెచ్చుకుంటాడు. అదే టమోటా ఇంట్లో రసంలో కనబడితే పెళ్ళాం విషం పెట్టినట్టు చూస్తాడు. ఆ ఇంట్లో బూడిద గుమ్మడికాయకు ఉన్న మర్యాద సుభద్రమ్మకు లేదు.

"టమోటా పులుపు. పులుపంటే ఆమ్లం. అది రక్తంలో చేరితే లేనిపోని రోగాలన్నీ వస్తాయి. ఆల్కలైన్ డైట్‌లో, అదే క్షారం పథ్యంలో, మొదట చెప్పేది అదే" అన్నాడు.

"నిమ్మకాయ పులుపు కాదా? పొద్దున్నే పిండుకోని తాగుతాండారే!"

"అది లోపలికి పోయినాక క్షారమైతాది."

"మరి టమోటా?"

"ఒక వీడియోలో ఒక మాదిరి చెప్తాండారు, ఇంకోదాంట్లో ఇంకో మాదిరి."

"పాపం, ఏ పార్టీలో చేరాలో అది ఇంకా తేల్చుకోలేదేమో" అంటూ సుభద్రమ్మ గిన్నె తనవైపు లాక్కుంది.

నవ్విందేగానీ, చూపు అతని పాదాల మీదే ఉంది. ఉబ్బిన పాదాల్లో చెప్పుల పట్టీ గుర్తులు లోతుగా దిగాయి. బీపీ మాత్రలు మానేసి నెలవుతోంది. వాటి బదులు పూటకో గ్లాసు వంటసోడా నీళ్ళు. పొద్దున్నే బాత్రూంలోంచి తడిసిన పరీక్ష కాగితం ముక్క పట్టుకొచ్చి, "సూడు, ఆకుపచ్చగా మారింది. క్షారం!" అని ఆమె ముక్కు ముందు ఆడించడం ఒకటి.

"మారింది మూత్రం, రక్తం కాదు" అని డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన సుభద్రమ్మ చెప్పిచెప్పి అలిసిపోయింది. "రక్తం సంగతి ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ చూసుకుంటాయి. మీరు గుమ్మడికాయ తిన్నా, గారెలు తిన్నా వాటి లెక్క తప్పదు. ఎక్కువైంది బయటికి తోసేస్తాయి. మీ కాగితం రంగు మారేది ఆ తోసేసిన దానికే."

కుప్పంలో నర్సింగ్ చదువుతున్న కూతురు దీపిక ఫోన్లో దాదాపు ఏడ్చేసింది. "నాయనా, కూరగాయలు ఎన్నైనా తిను, మంచిదే. వంటసోడా మాత్రం వద్దు. దాంట్లో ఉండేది సోడియమే, ఉప్పు తిన్నట్టే. మాత్ర ఆపి అది తాగితే పక్షవాతం వచ్చినా వస్తాది."

ఎవరేమన్నా చెంగల్రాయుడి దగ్గర ఒకటే జవాబు: మునీశ్వరి.

పుంగనూరు ధనుంజయ మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతు. అబద్ధం ఆడే మనిషి కాదు. పోయిన నెల మండీలో కూర్చుని, తడి కళ్ళతో తనే చెప్పాడు. "మా మునీశ్వరి పెండ్లి అన్నం మితం లేకుండా తినేసిందన్నా. పొట్ట ఉబ్బిపోయింది. పండుకున్నది లేయలేదు. యాడ నొప్పో నోరు తెరిచి చెప్పదు. ఇంట్లో అందరికీ ఏడుపే. డాక్టరు ఇంటికే వచ్చినాడు. కడుపులో ఆమ్లం పెరిగిందని వంటసోడా నీళ్ళు తాపించినాడు. అన్నం, గింజలు బంద్ అన్నాడు. మూడోనాటికి లేచి నిలబడింది."

"విన్నావా? సాక్షాత్తూ డాక్టరే చెప్పినాడు!" అన్నాడు చెంగల్రాయుడు ఈ రోజూ.

"ఇంతకీ ఆ మునీశ్వరి ధనుంజయకు ఏమవుతుంది? చెల్లెలా, కోడలా?"

"పరాయి ఇంటి ఆడోళ్ళ సంగతి గుచ్చి గుచ్చి అడుగుతారా యాడైనా? మర్యాద ఉండొద్దా?"

చెయ్యి కడుక్కోవడానికి లేచినవాడు రెండడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"కళ్ళు తిరిగినాయా?"

"లేదు. గోడకు దుమ్ముంటే తుడుస్తాండా."

సుభద్రమ్మ గబుక్కున వెళ్ళి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. "పుంగనూరు పోదాం పదండి" అంది. "ఆమెను నా కళ్ళతో చూస్తా. సోడానీళ్ళతోనే బాగైనానని ఆమె నోటితో చెప్తే రేపట్నుంచి నేనూ అవే తాగుతా. చెప్పకపోతే మీరు అక్కడే మాత్ర మింగాల."

"చెప్పకుండా యాడికి పోతాది? పద!"

రోగిని చూడటానికి ఉత్త చేతులతో వెళ్ళకూడదని మల్లెపూలు, అరటిపళ్ళు కొంది. బ్యాగు అడుగున మాత్రల అట్ట పెట్టుకుంది.

బస్సులో చెంగల్రాయుడు కిటికీ కమ్మీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆమె మెల్లగా అతని మణికట్టు పట్టుకుంది.

"యాల పట్టుకుంటివి? నేనేమన్నా పిల్లోడినా?"

"గుంతల రోడ్డు. నేను పడిపోతానేమోనని."

నాడి దడదడా కొట్టుకుంటోంది. తల్లీ మునీశ్వరీ, నువ్వెవరివో నాకు తెలీదు, సోడా మాట మాత్రం ఎత్తొద్దమ్మా అని మొక్కుకుంది. అయినా బెంగ తీరలేదు. బాగైన మనిషి బాగైందనే కదా చెబుతుంది!

ధనుంజయ వాకిట్లోకే ఎదురొచ్చాడు. "రాన్నా! రా వదినా! మా మునీశ్వరిని సూసేదానికే ఇంత దూరం వచ్చినారా?" కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. సంచిలో మల్లెపూలు చూసి మరీ కదిలిపోయాడు. "లోపల ఫ్యాను కింద పండుకోనుండాది. పోండి, కాఫీ పెట్టించుకోనొస్తా."

చెంగల్రాయుడు గెలిచినవాడిలా భార్య వైపు ఒక చూపు విసిరాడు. ఆడవాళ్ళుండే గది కాబట్టి గుమ్మం దగ్గర ఒకసారి దగ్గి, తలుపు తోశాడు.

అడుగు లోపల పెట్టలేదు. తలుపు చట్రం పట్టుకుని కొయ్యబారిపోయాడు.

"ఏమండీ!" సుభద్రమ్మ చేతిలో సంచి జారింది. "కళ్ళు తిరిగినాయా? కూచోండి!"

అతను వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు.

"మాత్ర తెచ్చినావా?"

"తెచ్చినా."

"ఇయ్యి. తప్పు నాదే సుభద్రా. ఇన్నాళ్ళూ తప్పంతా నాదే."

పెళ్ళయ్యాక ఆ నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదటిసారి. "అప్పుడే ఏం చెప్పిందండీ ఆమె?" అంటూ అతని భుజం పక్కనుంచి తొంగి చూసింది.

ఫ్యాను కింద మునీశ్వరి నెమరు వేస్తూ తోక ఊపింది.