మూడున్నర టన్నులు

“ఆ ఇనప పెనం కూడా దించెయ్,” అన్నాడు గెర్నోట్, ఇల్లులా అమర్చిన మోటర్‌హోమ్ బండి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“అది మా అమ్మది. మరి బంగాళాదుంపలు దేంట్లో వేయించుకుంటాం?” అంది అతని భార్య ఆల్ముట్.

“ఉడకబెట్టుకుందాం. బండి మూడున్నర టన్నులు దాటితే దారిలో ఆస్ట్రియాలో ఊరుకోరు తల్లీ. పక్కకి తీసి కాటా ఎక్కిస్తారు. ఎక్కువున్నదంతా అక్కడే రోడ్డు మీద దించేసి పొమ్మంటారు.”

ఆల్ముట్ పెనం తీసుకెళ్ళి గ్యారేజీలో పెట్టింది. ఆమె కుట్టుమిషను, నడక బూట్లు, మడతకుర్చీ, పుస్తకాలు అప్పటికే అక్కడ చేరాయి. గెర్నోట్ పనిముట్ల పెట్టె, డిష్ యాంటెన్నా, బీరు కేసులు మాత్రం బండిలోనే ఉన్నాయి. అవి అత్యవసరాలట.

గెర్నోట్ ముప్పై ఏళ్ళు జిల్లా కార్యాలయంలో ఇళ్ళ ప్లాన్లు చూసే ఉద్యోగం చేశాడు. చూడటమంటే తిప్పి పంపడం. రిటైరయ్యాక ఊళ్ళోవాళ్ళ ప్లాన్లు చేతికి రాకపోవడంతో సొంత ప్లానుకే కొర్రీలు వేసుకోవడం మొదలుపెట్టాడు. మోటర్‌హోమ్ కొని నాలుగేళ్ళయింది. గ్రీసు వెళ్ళాలి, సముద్రం పక్కన నెలల తరబడి ఉండాలి, అదీ అనుకున్నది. మొదటి వసంతంలో టోలు సంగతి తేలలేదు. బండి బరువు పెంచి రాయించుకుంటే ఆస్ట్రియాలో అద్దానికి టోలు స్టిక్కరు అంటిస్తే చాలదు, కిలోమీటర్ల లెక్కన వసూలు చేసే పెట్టె బిగించుకోవాలి. అది అతని పరువుకి సంబంధించిన విషయం. రెండో వసంతంలో గ్రీసు గ్యాస్ సిలిండరుకి ఇక్కడి గొట్టం పట్టదని తెలిసింది. మూడోసారి అక్కడి క్యాంపుల్లో చెట్ల కొమ్మలు బండి కప్పుకి తగులుతాయని ఎవరో ఇంటర్నెట్‌లో రాశారు. అంతే, మళ్ళీ వాయిదా.

ఆల్ముట్ మోకాళ్ళ అరుగుదల మాత్రం వాయిదా పడటం లేదు. ఈ ఏడాది తన కాళ్ళతో తను సముద్రంలోకి నడవకపోతే ఇక నడవలేనని ఆమెకి తెలుసు. డాక్టరు ఆ మాట ఇద్దరినీ కూర్చోబెట్టే చెప్పాడు. గెర్నోట్ అంతా విని, ఇంటికొచ్చి, కొమ్మల ఎత్తు గురించి ఇంకో గంట చదువుకున్నాడు.

అయితే పోయిన చలికాలం నుంచి ఆమెలో మార్పొచ్చింది. గొడవపడటం మానేసి అన్నీ అడిగి నేర్చుకుంది. గ్యాస్ ఎలా మార్చాలి, నీళ్ళెలా నింపాలి, ఇటలీలో టోలు గేటు దగ్గర ఏ వరసలోకి వెళ్ళాలి, ఆఖరికి టాయిలెట్ డబ్బా ఎలా కడగాలి అని కూడా అడిగింది. క్యాంపులకీ, ఇటలీ నుంచి బండిని గ్రీసు చేర్చే ఓడ వాళ్ళకీ ఫోన్లు తనే చేసింది.

“నలభై ఏళ్ళకి నా మాట దాని చెవికెక్కింది,” అని గెర్నోట్ పక్కింటాయనతో చెప్పుకుని మురిసిపోయాడు.

ఇక మిగిలింది తూకం. ఊరి చివర కంకర క్వారీలో లారీలు తూచే కాటా ఉంది.

“రేపు ఎలా బయల్దేరతామో ఇవాళ అచ్చం అలాగే తూచాలి. డీజిలు, నీళ్ళు, ఫ్రిజ్జులో సాసేజీలు, పాస్‌పోర్టులతో సహా,” అన్నాడు గెర్నోట్.

“కాటా ఎక్కించడం కూడా నాకు నేర్పు. దారిలో పనికొస్తుంది,” అంటూ ఆల్ముట్ స్టీరింగు ముందు కూర్చుంది. గెర్నోట్ పక్క సీట్లో సర్దుకుని క్వారీ దాకా “నిదానం, నిదానం” అంటూనే ఉన్నాడు.

“మన బరువులు కూడా కలిపావా?” అడిగింది ఆల్ముట్.

“డ్రైవరంటే డెబ్బై అయిదు కిలోలు. చట్టంలో ఉంది. బండి కాగితాల్లో ముందే కలిపేస్తారు.”

“నువ్వు నూట పది ఉన్నావు కదా?”

“చట్టం ముందు నేను డెబ్బై అయిదే! పక్కన కూర్చునేవాళ్ళు మాత్రం సామాను కింద లెక్క.”

తన జోకుకి తనే పగలబడి నవ్వాడు. ఆల్ముట్ కూడా నవ్వింది.

బండి కాటా ఎక్కింది. కాటా గదిలో ఉన్న మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. “తొంభై కిలోలు ఎక్కువ!”

గెర్నోట్ మొహంలో బాధ కనపడాలి. కనపడింది మాత్రం హాయి. “ఇంకేముంది, వాయిదా. వచ్చే వసంతంలో చూద్దాం. నేను ముందే అనుకున్నా.”

“ఇంకేదైనా తీసేస్తే?”

“ఇంకేం తీస్తాం? నీవన్నీ తీసేశాంగా!”

“నీ బీరు?”

“అది కూడా తీసేస్తే ఇక వెళ్ళడం దేనికి?”

ఆల్ముట్ అతని పక్క తలుపు చూపించింది. “పోనీ, నువ్వొకసారి దిగు. ఎంత తగ్గుతుందో చూద్దాం. ఊరికే, లెక్క కోసం.”

లెక్క అన్న మాట వినపడితే గెర్నోట్ ఆగలేడు. దిగి, కాటా పలక దాటి పక్కన నిలబడ్డాడు.

“ఇప్పుడు సరిపోయింది! ఇంకో ఇరవై కిలోలు ఎక్కించుకోవచ్చు!” గదిలోంచి మళ్ళీ కేక.

“చూశావా! లెక్కంటే ఇలా ఉండాలి!” గెర్నోట్ బొటనవేలు పైకెత్తాడు.

“అయితే ఆస్ట్రియాలో ఆపినా భయం లేదా?”

“ఎవడూ వేలెత్తి చూపలేడు!”

“ఖాయమేనా?”

“నేను ఖాయమన్నానంటే ఖాయమే!”

“చాలా థాంక్స్, గెర్నోట్,” అంది ఆల్ముట్. మనస్ఫూర్తిగానే అంది. గేరు వేసింది.

బండి కాటా దిగి గేటు దాకా వెళ్ళేసరికి గానీ అతనికి సంగతి బోధపడలేదు. రొప్పుకుంటూ వెనకాల పరుగెత్తాడు. పెళ్ళాం వదిలేసి పోతోందన్న దిగులు ఇంకా రాలేదు, దానికన్నా ముందు నిబంధన గుర్తొచ్చింది.

“ఆగు! అలా కుదరదు! ఓడలో, క్యాంపుల్లో ఇద్దరొస్తారని రాసుకుని ఉంటారు! ఒక్కదానివే వెళ్తే ఒప్పుకోరు!”

ఆల్ముట్ బండి ఆపకుండానే కిటికీ అద్దం దించింది.

“అన్నీ ఒక్కరికే బుక్ చేశాను.”