కొసరు

ఇప్పుడు ఈశ్వరి చదివే కాలేజీలో వ్యాపార వ్యూహాలకు పుస్తకాలు లేవు, ఆటలే. తెర మీది రైతు దగ్గర సరుకు ఎంత చవగ్గా లాగితే అన్ని మార్కులు. నిరుడు ఆ ఆట తయారుచేసే కంపెనీవాళ్లు ఈశ్వరి ఊరికొచ్చి, తలా ఒక స్టీలు బకెట్ ఇచ్చి, సంతలో బేరాలన్నీ రికార్డు చేసుకుపోయారు. ఆట బొమ్మలను ఆ మనుషుల్లాగే తయారుచేశారు.

పరీక్ష రోజు తెర మీద టమాటాలు తూస్తున్న బొమ్మది అచ్చం ఈశ్వరి పిన్ని తిరుపాలమ్మ మొహం, గొంతు.

"తూకమయ్యాక కొసరు అడగండి. ఈమె కాదనలేదు. గంప ఖాళీ అయ్యేదాకా అడుగుతూనే ఉండండి," అంటూ తోటి విద్యార్థి ప్రణీత్ ఆడి చూపించాడు.

"ఇంగ చాలు నాయనా, నాకూ రెండు మిగలనీ," అంటూనే పిన్ని మళ్లీ గుప్పెడు వేసింది. క్లాసంతా నవ్వింది.

తర్వాత ఈశ్వరి వంతు. ఓడితే ఏడాది పోయినట్టే. అయినా ఆమెకు బేరమాడటానికి నోరు రాలేదు. "పిన్నీ, బాగుండావా?" అని మాత్రం అడిగింది.

పిన్ని మొహం విచ్చుకుంది. "ఎవురి బిడ్డవమ్మా, ఎంత బాగా పిలిచినావు," అంటూ గంపంతా ఆమె ముందు కుమ్మరించింది.

మాస్టారు లేచి చప్పట్లు కొట్టారు. "ఈశ్వరికి పూర్తి మార్కులు. అందరూ రాసుకోండి, ముందు వరస కలపాలి."