కోటి తప్పని పెట్టె

"ఇంక మాటల్లేవు బామ్మర్దీ. పెట్టె ఇటు జరుపు. స్క్రూలు నేనే తీసుకుంటా."

టైలరు రెండు చేతులూ తన పెట్టె మీద వేసి, సంతలో తప్పిపోయి దొరికిన పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఎదురుగా బావ నిలబడి ఉన్నాడు. బస్సు డిపోలో టైమ్ కీపరు. చెవి మీద పెన్సిలు ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు పెట్టుకున్నాడు.

"ఇంకొక్కసారి చూద్దాం బావా!"

"ఎన్నిసార్లు చూసినా నీదానికి వణుకుడు రోగమే. నా పెట్టె చూడు. ఇది ఒక్క సెకను తప్పాలంటే మన మునిమనవలకు గడ్డాలు నెరవాలి. మొన్న సూర్యుడు ఆలస్యంగా వచ్చాడని దీన్ని చూసే పట్టేశాను. మా డిపోలో పనిచేస్తుంటేనా, రాసేవాణ్ణి ఆయనకూ ఒక మెమో!"

ఎవరో టెలిఫోన్ కంపెనీవాళ్ళు పాత సామాను వదిలించుకుంటే, తుక్కు కొట్లోంచి బావా బావమరుదులు చెరొకటి మోసుకొచ్చుకున్న అణు గడియారం పెట్టెలవి. లోపల రుబీడియం అనే లోహపు ఆవిరి నింపిన చిన్న గాజుబుడ్డి, దాని అదుపులో సెకనుకు సరిగ్గా కోటిసార్లు కొట్టుకునే సర్క్యూటు. ఎవరి పెట్టె నిక్కచ్చిగా కొట్టుకుంటుందో బావ దగ్గరున్న, సెకనుకు ఎన్నిసార్లో లెక్కపెట్టే మీటరు తేల్చాలి. తడబడినదాన్ని విప్పేసి, నెగ్గినదానికి విడిభాగాలు చేసుకోవాలి. ఇదీ పందెం. ముందు చెయ్యి కలిపినవాడు టైలరే.

మీటరు టేబులు మీద ఉంది. బావ పెట్టె టేబులు కింద, పాత రగ్గులో చంటిపిల్లలా చుట్టి ఉంది. గాలి తగిలితే దానికి మనసు చెదురుతుందని బావ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. టేబులు వెనకాల కేబుళ్ళు చిక్కుపడ్డ దారపు ఉండలా ఉన్నాయి. వాటిలోంచి పైకి వచ్చిన ఒక కేబులు మీటరు ముఖాన దిగింది. మీటరు మీద ఒకటి, పక్కన బారులు తీరిన సున్నాలు. ఈగ వాలినా కదలని సున్నాలు.

"ఇప్పుడు నీది," అంటూ బావ ఆ కేబులు పీకి టైలరు కేబులు పెట్టాడు.

చివరి సున్నాలు కాళ్ళొచ్చినట్టు పాకడం మొదలుపెట్టాయి.

టైలరు వంగి తన పెట్టె చూసుకున్నాడు. ఇంటిదగ్గర ప్రతి ప్లగ్గూ బిగించాడు, పవర్ సప్లై మార్చాడు. అంతా కుదిరిందని చెప్పే పచ్చదీపం ఇప్పటికీ పెట్టె ముఖాన నిలకడగానే వెలుగుతోంది. దీపం బాగుందంటోంది, మీటరు బాగాలేదంటోంది. ఎవరి మాట వినాలి?

"నువ్వు కాస్త దూరంగా జరుగు. నీ గుండెదడ దానికి అంటుకుంటోంది," అన్నాడు బావ.

టైలరు నిజంగానే గుమ్మం దాకా జరిగి, ఊపిరి బిగబట్టాడు. అంకెలు పాకుతూనే ఉన్నాయి. ఫ్యాను ఆపాడు. పాకాయి. కిటికీ మూశాడు. పాకాయి.

"బయట లారీ ఏదన్నా పోతోందేమో బావా?"

"లారీ నీ పెట్టె కోసమే పోయి, నా పెట్టె వంతు వచ్చేసరికి ఆగుతుందా?"

"పోనీ, ఇందాక పైకి పాకిన అంకెలు ఇప్పుడు కిందికి పాకుతున్నాయేం?"

"దిగులుకి."

"ఒకే కొట్లో తెచ్చాం, ఒకే రకం పెట్టెలు. నీదాంట్లో ఏముంది బావా, నాదాంట్లో లేనిది?"

"క్రమశిక్షణ!" అని బావ మీసం సవరించుకున్నాడు. "డిపోలో నేను గడియారం వంక చూస్తే బస్సులే గతుక్కుమంటాయి. ఇదెంత?"

టైలరు తన పెట్టె ఆపి ముందుకు తోశాడు. బావ తన కేబులు తిరిగి మీటరు ముఖాన గుచ్చాడు. సున్నాలు మళ్ళీ బడిపిల్లల్లా బారులు తీరి నిలబడ్డాయి. మొదటి స్క్రూ కిర్రుమంటే, తన పన్ను పీకుతున్నట్టు టైలరు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడే అక్క తన ఫోను చూసుకోవడానికి గదిలోకి వచ్చింది.

"చూశావుటే?" అన్నాడు బావ. "మీ తమ్ముడి పెట్టె చిత్తు! నాది చూడు, పొద్దుట్నించీ ఒక్క అంకె కదిలితే ఒట్టు."

"ఏదీ, ఆ రగ్గులోదా? దాని ప్లగ్గు పొద్దున్నే పీకి నా ఫోను ఛార్జింగుకు పెట్టుకున్నానుగా. ఇంకా నిండలేదు, అప్పుడే మార్చకండి."

ముగ్గురూ మీటరు వంక చూశారు. సున్నాలు కదల్లేదు.

టైలరు వంగి రగ్గు విప్పాడు. పెట్టె చల్లగా, రాయిలా ఉంది. ఒక్క దీపమూ లేదు.

బావ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. అయినా నోరు ఊరుకోదు కదా. "కరెంటు లేకపోయినా తప్పడం లేదంటే... చూశావా దాని సత్తా!"

టైలరుకు ఇంకా ఏమీ బోధపడలేదు. మీటరు ముఖాన ఉన్న కేబులును, ఊడిన కుట్టు ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ పోయినట్టు, వేళ్ళతో పట్టుకుని పోయాడు. అది టేబులు వెనక్కి దిగి, ఆ చిక్కులో ఒక చుట్టు తిరిగి, బావ పెట్టె దాకా పోకుండానే మళ్ళీ పైకెక్కింది. ఎక్కి ఎక్కి, అదే మీటరు వీపున ఉన్న సాకెట్లో దూరింది. మీటరు ఏ లోపలి గడియారంతో అన్నిటినీ లెక్కపెడుతుందో, దాని కొట్టుకోవడాన్నే బయటికి పంపే సాకెట్టది.

టైలరు లేచి బావ ముందు చెయ్యి చాపాడు.

"నీ మీటరు పొద్దుట్నించీ తన నాడి తనే పట్టుకుని 'భేష్' అనుకుంటోంది బావా. వణుకు దానిదే, నా పెట్టెది కాదు. స్క్రూడ్రైవరు ఇటు తే."