పైడమ్మ అన్న

1968 వేసవిలో కలరా వచ్చి పైడమ్మ పోయింది. నెల తిరక్కుండానే ఆమె భర్త అప్పలనరసింహం, కాస్త ఊరట దొరుకుతుందేమోనని నరసన్నపేటలో వేదాంత ఉపన్యాసానికి వెళ్లాడు. తాడును చూసి పామనుకున్నట్టు లేని లోకాన్ని ఉందనుకుంటున్నామని చెప్పారు పంతులుగారు.

అప్పలనరసింహం లేచి నిలబడ్డాడు. "నా ఆడది నా సేతుల్లోనే పోనాది బాబూ. అది కూడా నేదంటారా?"

"ఎప్పుడూ లేదు నాయనా," అన్నారాయన చల్లగా.

ఆ చల్లదనానికే అతనికి ఒళ్లు మండిపోయింది. చీకట్లో నాలుగు మైళ్లు పళ్లు నూరుకుంటూ నడిచి ఇల్లు చేరాడు. దీపం వెలిగిస్తే, మంచం కింద పైడమ్మ పెట్టె లేదు. పెట్టె ఉన్నచోట నేలమీద మచ్చయినా లేదు.

ఎవరో ఎత్తుకుపోయారనుకుని కర్ర తీసుకున్నాడు. పక్కవీధికి వెళ్లి పైడమ్మ అన్న తవిటినాయుడి తలుపు బాదాడు. అతను లాంతరుతో బయటికొచ్చాడు.

"ఏటి బావా, ఈ యేళప్పుడు?"

"నీ సెల్లి పెట్టె ఎవుడు తీసేడు?"

"నాకు సెల్లెక్కడిది?"

ఆ ముఖంలో వేళాకోళం లేదు. అప్పలనరసింహం అతని భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"సెల్లి నేకపోతే నన్ను బావా అని ఎందుకు పిలిసినావురా? దాన్ని నా సేతిలో పెట్టింది నువ్వు కాదేటి?"

తవిటినాయుడు జవాబు కోసం నోరు తెరిచాడు. అతని కళ్లలో గుర్తుపట్టిన చూపు మెల్లమెల్లగా ఆరిపోయింది. లాంతరు ఇంకాస్త పైకెత్తి, మర్యాదగా అడిగాడు.

"ఎవులు బాబూ తమరు? ఏ ఊరు?"