చేతి పట్టీల లెక్క

చీకట్లో తనవాళ్లెవరైనా తప్పిపోతారేమోనని సుంకమ్మకు అన్నిటికంటే పెద్ద భయం. గుహ తిప్పి చూపించే గైడు ఒక మాట్లాడే మిషను డబ్బా; దానికి మనిషి మొహాలు పట్టవు, లోపలికెళ్లే ముందు ఒక్కొక్కరికీ కట్టిన చేతి పట్టీలే లెక్కపెడుతుంది. గుంపు పైకొచ్చాక "ముప్పై మందీ వచ్చేశారు" అని తలుపు మూసేసింది.

అత్త రాలేదు. దురద పుడుతోందని ఆమె తీసిచ్చిన పట్టీ సుంకమ్మ పాప రెండో చేతికి ఉంది.

"మా అత్త లోపలే ఉండాది," అంది సుంకమ్మ.

"లెక్క సరిపోయింది," అంది డబ్బా.

"మిషను తప్పు చెప్తాదా? నువ్వెంతవరకు సదువుకున్యావమ్మా?" అన్నాడు గుంపులో ఒకాయన, ఇప్పుడే చూసొచ్చిన గుహ వీడియోను కళ్లద్దాల్లో మళ్లీ చూసుకుంటూ.

"ఐదో తరగతి దాకా, అన్నా. మనిషేదో పట్టీ ఏదో తెలిసేదానికి అది సాల్లే."

ఆ తలుపు ఇక తర్వాతి గుంపుకే తెరుచుకుంటుంది. అందులో మీరుంటే, నీటిచుక్కలు పడే మలుపు దగ్గర ముసలామె కూర్చుని ఉందేమో చూడండి. పేరు మద్దమ్మ. చేతికి పట్టీ ఉండదు.